విశాఖ నుంచి కుటుంబంతో సింగపూర్: ఏం చూడాలి, ఏం వదిలేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో మొదటిసారి ఇంటిల్లిపాదీ విదేశం వెళ్దామనుకునేవాళ్ళలో చాలామంది ముందు సింగపూర్ పేరే ఎత్తుతారు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో విమానం మారే పని లేదు, స్కూట్ విమానం ఇక్కడి నుంచి నేరుగా వెళ్తుంది. ప్రయాణం దాదాపు నాలుగు గంటలు. తిండికి ఇబ్బంది లేదు, ఊరు భద్రం. టికెట్లు కొన్నాకే అసలు తర్జనభర్జన మొదలవుతుంది. తాతగారికి గుళ్ళు కావాలి, పిల్లలకు యూనివర్సల్ స్టూడియోస్ థీమ్ పార్కు కావాలి, అమ్మకు షాపింగ్ కావాలి. చేతిలో ఉన్నవి నాలుగైదు రోజులు. బంధువులూ స్నేహితులూ పక్క ఫ్లాట్ల వాళ్ళూ నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి. వేళలు, ధరలు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆయా చోట్ల అధికారిక సైటు ఒకసారి చూసుకోండి.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే ఐదు రాత్రులు. భార్యాభర్తలు, హైస్కూలు పిల్లలు మాత్రమే అయితే నాలుగు చాలు. మూడు రాత్రుల ప్యాకేజీలు చవగ్గా కనిపిస్తాయి కానీ అందులో ఒక రోజు ప్రయాణపు అలసటకే పోతుంది. మిగిలిన రెండు రోజుల్లో అన్నీ కుక్కితే పిల్లలకు బస్సు కిటికీ తప్ప ఏమీ గుర్తుండదు.

చూడాల్సినవి యాభై ఉన్నాయి. లిస్టు ఎక్కడ మొదలుపెట్టాలి?

లిస్టు రాయడం కన్నా ముందు కొట్టివేతతో మొదలుపెట్టండి. మన ఊళ్ళో ఉన్నవాటిని మొదట తీసేయండి. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే పెరిగిన పిల్లల్ని సెంతోసా దీవి ఇసుకలో ఒక పూట కూర్చోబెట్టడానికి విమానం ఎక్కించక్కర్లేదు. అక్కడి బీచ్‌లు శుభ్రంగా, ముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ అవి మనిషి తీర్చిదిద్దినవి, ఎదురుగా లంగరేసిన ఓడలు కనిపిస్తాయి. రుషికొండ చూసిన కంటికి అందులో కొత్తేమీ ఉండదు. కేబుల్ కార్ కూడా అంతే. కైలాసగిరి రోప్‌వే ఎక్కిన పిల్లలకు అది రెండోసారి అవుతుంది. టైము మిగిలితే ఎక్కండి, దాని కోసం టైము తీయకండి.

తర్వాత ఇంట్లో ప్రతి ఒక్కరినీ ఒక్క కోరిక చెప్పమనండి. ఒకటే, రెండు కాదు. అమ్మమ్మ నుంచి ఐదేళ్ళ పిల్ల దాకా అందరి కోరికా లిస్టులో ఉండాలి. అప్పుడే అందరూ అది తమ ట్రిప్ అనుకుంటారు. ఒకరు ప్లాన్ చేసి మిగతావాళ్ళు వెంట నడిచే ట్రిప్పుల్లో మూడో రోజుకల్లా ఎవరో ఒకరు అలుగుతారు.

ఆ మీదట రోజుకు ఒకే పెద్ద పని పెట్టుకోండి. జూ ఒక పెద్ద పని. యూనివర్సల్ ఒక పెద్ద పని. మనవాళ్ళ పేట లిటిల్ ఇండియాలో గుడి, భోజనం, ముస్తఫా షాపింగ్ సెంటర్ కలిపి ఒక పూట పని. రోజుకు ఒక పెద్దది, ఒక చిన్నది. అంతకు మించితే మోకాళ్ళు ఒప్పుకోవు.

పొద్దున్న ఎన్నింటికి బయలుదేరాలి?

సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం ఏడంటే మన ఒంటికి ఇంకా తెల్లవారుజామున నాలుగున్నరే. ఏడింటికల్లా టిఫిన్ చేసి ఎనిమిదింటికి బస్సెక్కాలని పెట్టుకుంటే రోజూ ఇల్లంతా హడావుడి, అరుపులు. దాన్నే మనకు అనుకూలంగా మార్చుకోవచ్చు. పదింటికి తీరిగ్గా బయలుదేరండి, రాత్రి పది దాకా తిరగండి. అక్కడ రాత్రి పదంటే మన ఏడున్నరే కదా, పిల్లలు నిద్రకు తూగరు. ఈ ఊరి అందం కూడా ఎక్కువగా రాత్రిదే. ఏడాది పొడవునా సూర్యుడు ఏడు గంటల ప్రాంతంలో ఉదయించి, ఏడు గంటల ప్రాంతంలోనే అస్తమిస్తాడు. లైట్ షోలన్నీ ఆ తర్వాతే.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఏసీ ఉన్న చోట ఉండేలా చూసుకోండి. మన విశాఖ ఉక్కపోతకు అలవాటు పడ్డవాళ్ళం కాబట్టి వేడి మనల్ని భయపెట్టదు. లోపలి ఏసీ మాత్రం వణికిస్తుంది. పెద్దవాళ్ళ బ్యాగులో ఒక శాలువా ఉంచండి.

ఏ నెలలో వెళ్తే మంచిది?

సింగపూర్ భూమధ్యరేఖకు ఆనుకునే ఉంది. కాబట్టి ఎండాకాలం, చలికాలం తేడా పెద్దగా తెలియదు. నవంబరు, డిసెంబరు, జనవరిల్లో వానలు ఎక్కువ. మిగతా నెలల్లో కూడా మధ్యాహ్నం ఉరుములతో ఒక జల్లు పడి వెలిసిపోతుంది. గొడుగు ఎప్పుడూ వెంట ఉండాలి.

వాన కంటే సెలవుల లెక్క ముఖ్యం. అక్కడి స్కూళ్ళకు జూన్ అంతా సెలవులు, మళ్ళీ నవంబరు చివర నుంచి డిసెంబరు అంతా. ఆ రోజుల్లో జూ, యూనివర్సల్ కిటకిటలాడతాయి. మన వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి కాబట్టి మే నెలలో వెళ్ళి రావడం నాకు నచ్చిన పద్ధతి. సంక్రాంతి సెలవుల్లో వెళ్తే లిటిల్ ఇండియాలో పొంగల్ అలంకరణలు కనిపిస్తాయి. చైనీయుల కొత్త సంవత్సరం జనవరి చివరో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ మొదటి రెండు రోజులు చాలా దుకాణాలు, హోటళ్ళు మూసేస్తారు, తేదీ చూసుకోండి. దసరా సెలవుల వాళ్ళు ఇంకొకటి గమనించాలి. సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో మరీనా బే రోడ్ల మీద ఫార్ములా వన్ రేసు జరుగుతుంది. ఆ వారం హోటల్ రేట్లు చుక్కలు చూపిస్తాయి, రోడ్లు కొన్ని మూసేస్తారు.

అమ్మానాన్నలకు పాస్‌పోర్టు లేదు. ఎంత ముందు మొదలుపెట్టాలి?

కనీసం మూడు నెలలు. పాస్‌పోర్టు సేవా కేంద్రానికి స్లాట్ బుక్ చేసుకుని వెళ్ళాలి. పెద్దలకు 36 పేజీల పాస్‌పోర్టు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. అరవై దాటినవాళ్ళకు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు కొత్త పాస్‌పోర్టు ఫీజులో పది శాతం తగ్గింపు ఉంది. పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి అంగీకార పత్రం కావాలి. నాలుగేళ్ళ లోపు పిల్లలకైతే తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో తీసిన ఫోటో వెంట పట్టుకెళ్ళాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళే చెల్లుతుంది. ఎప్పుడో తీసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండకుండా గడువు చూడండి. ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి.

మనవాళ్ళకు ఎక్కువ టెన్షన్ తెచ్చేది పేర్ల విషయం. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది, పాన్‌లో పొడి అక్షరం ఉంటుంది, పాస్‌పోర్టులో అది చివరికి వెళ్తుంది. కొందరు పెద్దవాళ్ళకు ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. టికెట్ బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్టును ఎదురుగా పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఎలా నింపాలో విమాన సంస్థనే ముందుగా అడగండి. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ఈ సంగతి తేలడం ఎవరికీ మంచిది కాదు.

పదో తరగతి పాసవనివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటే కంగారు పడకండి. అది కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకు సంబంధించిన నిబంధన, సింగపూర్ ఆ దేశాల లిస్టులో లేదు.

వీసా, ఎరైవల్ కార్డు రెండూ ఒకటేనా?

కాదు, రెండూ కావాలి. సింగపూర్ వీసా గుర్తింపు పొందిన ఏజెంట్ల ద్వారా వస్తుంది. విశాఖలోని చాలా ట్రావెల్ ఆఫీసులు కాగితాలు తీసుకుని వాళ్ళకు పంపిస్తాయి. 14ఏ ఫారం, ఫోటో, పాస్‌పోర్టు కాపీ, రానుపోను టికెట్, హోటల్ బుకింగ్ వంటివి అడుగుతారు. ప్రభుత్వ ఫీజు 30 సింగపూర్ డాలర్లు, దాని మీద ఏజెంటు చార్జీ. వీసా స్టిక్కరు రాదు, కాగితం మీద ప్రింటు తీసుకునే ఈ-వీసా వస్తుంది.

ఎరైవల్ కార్డు మనమే ఆన్‌లైన్‌లో నింపాలి. దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు నింపాలి, చంటిపిల్లలకు కూడా. ఇది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైటు కనిపించిందంటే అది ప్రభుత్వానిది కాదు, వెంటనే మూసేయండి. కార్డులో ఇచ్చే ఈమెయిల్ మీరు రోజూ చూసేదై ఉండాలి. ఇప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టడం లేదు. ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే పాస్ ఆ ఈమెయిల్‌కే వస్తుంది.

ఏ ఎయిర్‌పోర్టు నుంచి వెళ్ళాలి?

మన ఎయిర్‌పోర్టు భోగాపురానికి మారుతున్న సమయం ఇది. టికెట్ మీద ఏది ఉందో చూసి, గాజువాక వైపు నుంచి వచ్చేవాళ్ళు దారికి తగినంత సమయం ఉంచుకోండి. స్కూట్ చవక విమాన సంస్థ కాబట్టి చెక్-ఇన్ బ్యాగేజీ, భోజనం టికెట్‌లో కలిసి ఉన్నాయో లేదో కూడా చూడండి. విడిగా కొనాల్సి వస్తే ముందే ఆన్‌లైన్‌లో కొనడం నయం.

రాత్రి విమానం ఎక్కి తెల్లవారుజామున దిగితే మొదటి రోజు ఏం చేయాలి?

హోటల్ గది మధ్యాహ్నం రెండు, మూడు దాకా ఇవ్వరు. పెద్దవాళ్ళు ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. డబ్బు కట్టయినా సరే ఉదయాన్నే గది దొరికే ఏర్పాటు చేసుకోండి. ట్రిప్ మొత్తంలో ఇంత సార్థకమైన ఖర్చు ఇంకోటి ఉండదు. అది కుదరకపోతే సామాను హోటల్లో దింపి, లిటిల్ ఇండియాలో ఇడ్లీ, కాఫీ కానిచ్చి, బొటానిక్ గార్డెన్స్‌కి వెళ్ళండి. ఉదయం ఐదింటికే తెరుస్తారు, ప్రవేశం ఉచితం, మెట్రో స్టేషన్ గేటు పక్కనే. 2015లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన తోట అది. లోపల ఆర్కిడ్ తోటకు మాత్రం టికెట్ ఉంది, పూలంటే ప్రాణం పెట్టే అమ్మమ్మ ఉంటే తప్పక కొనండి.

ఆ రోజు జూ, యూనివర్సల్ వంటివి పెట్టుకోవద్దు. సాయంత్రం సింహం తల, చేప ఒళ్ళు ఉన్న మెర్లయన్ విగ్రహం దగ్గరికి వెళ్ళి రావడం చాలు.

జూ, నైట్ సఫారి, రివర్ వండర్స్, బర్డ్ పారడైజ్: అన్నీ చూడాలా? మనకూ జూ ఉంది కదా?

ఇవన్నీ మండాయ్ అనే చోట పక్కపక్కనే ఉన్నాయి. అన్నిటికీ కలిపి అమ్మే టికెట్ చూస్తే ఆశ పుడుతుంది. నేనైతే రెండు చాలంటాను.

మన ఇందిరాగాంధీ జూ చూసిన పిల్లలకు మొదట చూపించాల్సింది నైట్ సఫారి. 1994లో మొదలైన ఇది ప్రపంచంలోనే మొట్టమొదటి రాత్రి జూ. చీకటి పడ్డాకే తెరుస్తారు. వెన్నెల లాంటి మసక వెలుతురులో ట్రామ్ మీద అరగంటకు పైగా తిప్పుతారు. నడవలేని పెద్దవాళ్ళు కూడా కూర్చున్న చోటి నుంచే సగం చూసేస్తారు. ప్రవేశ వేళ ముందే ఎంచుకుని బుక్ చేసుకోవాలి. మొదటి స్లాట్ తీసుకోండి.

రెండోది పిల్లల్ని బట్టి ఉంటుంది. జంతువులంటే ఇష్టమైతే పగటి జూ. 1973 నుంచి ఉన్న ఆ జూలో బోనులు తక్కువ, కందకాలు, నీళ్ళతోనే హద్దులు పెట్టారు. ఒరంగుటాన్లు తలమీద కొమ్మల్లో తిరుగుతుంటాయి. పాండా చూడాలని పట్టుబడితే రివర్ వండర్స్, అది చిన్నది, చాలాభాగం నీడ. బర్డ్ పారడైజ్ 2023లో తెరిచారు. పాత బ్లాగుల్లో జురాంగ్ బర్డ్ పార్క్ అని కనిపిస్తే దాన్ని మూసేశారని గుర్తుంచుకోండి.

రివర్ వండర్స్ మధ్యాహ్నం చూసి, అక్కడే ఏదైనా తిని, చీకటి పడ్డాక నైట్ సఫారిలోకి వెళ్తే ఒకే ప్రయాణంలో రెండూ అవుతాయి. మండాయ్ ఊరికి దూరం. ఖతీబ్ మెట్రో స్టేషన్ నుంచి షటిల్ బస్సు ఉంది. రాత్రి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం టాక్సీ ఎక్కేయండి.

గార్డెన్స్ బై ద బే టికెట్ కొనాలా, ఉచితంగా చూసే భాగం సరిపోతుందా?

ఇది 2012లో తెరిచిన తోట. బయటి తోటలు, 25 నుంచి 50 మీటర్ల ఎత్తున్న సూపర్‌ట్రీలు అనే కృత్రిమ చెట్లు, రాత్రి 7:45కి, 8:45కి వాటి మీద జరిగే దీపాల, సంగీతపు ప్రదర్శన అన్నీ ఉచితం. సూపర్‌ట్రీల కింద నేల మీద పడుకుని చూస్తారు జనం. మీరు కూడా ఒక పాత దుప్పటి పట్టుకెళ్ళండి.

టికెట్ ఉన్న రెండు గాజు మందిరాల్లో క్లౌడ్ ఫారెస్ట్ తప్పక చూడాలి. అరకు, లంబసింగి మంచు చూసిన మనకు గాజు కప్పు కింద మంచు ఎందుకనిపించవచ్చు. లోపలికి అడుగుపెట్టగానే 35 మీటర్ల జలపాతం తుంపర ముఖాన పడుతుంది. ఎక్కడెక్కడి ఎత్తైన కొండల మీదో పెరిగే మొక్కలు ఒకే కట్టడం చుట్టూ అల్లుకుని ఉంటాయి. లిఫ్టులో పైకి వెళ్ళి నడుచుకుంటూ దిగడమే కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళకూ ఇబ్బంది లేదు. వీటిని మరమ్మతులకు అప్పుడప్పుడూ మూస్తారు, తేదీ చూసి కొనండి.

నాలుగింటికి గాజు మందిరాల్లోకి వెళ్ళి, బయటికొచ్చి ఏదైనా తిని, 7:45 ప్రదర్శన చూసి, మరీనా బే శాండ్స్ హోటల్ మీదుగా అటు పక్కకు నడిచి రాత్రి తొమ్మిదింటికి నీళ్ళ మీద జరిగే స్పెక్ట్రా షో చూడండి. అది కూడా ఉచితమే. నన్నడిగితే సింగపూర్ మొత్తంలో కుటుంబమంతా కలిసి ఆనందించే సాయంత్రం ఇదే.

యూనివర్సల్ స్టూడియోస్‌కి పెద్దవాళ్ళను తీసుకెళ్ళాలా?

వద్దు. టికెట్ ఖరీదు ఎక్కువ, రోజంతా క్యూలు, ఎండ. అమ్మానాన్నల కోరిక పిల్లలతో ఉండటమే అయితే సరే, లేకపోతే ఆ రోజు కుటుంబం రెండుగా విడిపోవడమే మంచిది. ఒకరు పిల్లలతో యూనివర్సల్‌కి, ఒకరు పెద్దవాళ్ళతో గుళ్ళకు. విదేశం వెళ్ళి విడిగా తిరగడమేమిటని కొందరు నొచ్చుకుంటారు. సాయంత్రం కలుసుకుని ఎవరు చూసింది వాళ్ళు చెప్పుకోవడంలో ఉన్న సంతోషం, అలిసిపోయి బెంచీ మీద కూర్చున్న తాతగారిని కాపలా కాయడంలో ఉండదు.

చాలా రైడ్లకు ఎత్తు నిబంధన ఉంది. ఇంట్లోనే పిల్లల ఎత్తు కొలిచి, వాళ్ళు ఏవి ఎక్కగలరో సైటులో చూసి ముందే చెప్పండి. గేటు దగ్గర నిరాశ తప్పుతుంది. ఐదేళ్ళ లోపు పిల్లలు మాత్రమే ఉంటే ఈ ట్రిప్‌లో దీన్ని వదిలేసి, వాళ్ళు పెద్దయ్యాక చూడొచ్చు.

గుళ్ళు ఏవి చూడాలి?

శనివారం కలిసొస్తే సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళండి. పందొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్న వైష్ణవాలయం. మురుగన్ (సుబ్రహ్మణ్యస్వామి) పండుగ తైపూసం ఊరేగింపు మొదలయ్యేది అక్కడి నుంచే. అదే రోడ్డులో వీరమాకాళి అమ్మన్ గుడి ఉంది. చైనాటౌన్‌లో మారియమ్మన్ గుడి 1827 నాటిది, సింగపూర్‌లో అన్నిటికన్నా పాత హిందూ దేవాలయం. దాని పక్క వీధుల్లోనే బుద్ధుడి దంత మందిరం, మసీదు కూడా ఉన్నాయి. గుళ్ళు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళండి.

నాన్నగారికి చరిత్ర అంటే ఇష్టం. ఆయనకు ఏం చూపించాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ, కానీ దీనికి జవాబు చెప్పడం నాకు చాలా ఇష్టం. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. రెండు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్ 6న, విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. రెండు రేవు పట్టణాలూ ఒకే యుద్ధపు నీడలో ఉన్న రోజులవి. మరుసటి ఏడాది జులైలో సుభాష్ చంద్రబోస్ పడాంగ్ మైదానంలో ఆజాద్ హింద్ ఫౌజును ఉద్దేశించి ప్రసంగించారు. అక్టోబరు 21న కేథే భవనంలో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు.

పడాంగ్ ఇప్పటికీ పచ్చటి మైదానంగానే ఉంది. దాని ఎదురుగా ఎస్‌ప్లనేడ్ పార్కులో ఐఎన్ఏ (ఆజాద్ హింద్ ఫౌజు) స్మారక చిహ్నం ఉండేది. 1945లో బ్రిటిష్‌వాళ్ళు తిరిగొచ్చి దాన్ని కూల్చేశారు. ఆ స్థలం గుర్తుగా 1995లో ఫలకం పెట్టారు. మెర్లయన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. టూర్ బస్సులు అక్కడ ఆగవు. నాన్నగారితో ఒక అరగంట అక్కడ నిలబడండి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. లిటిల్ ఇండియాలోని ఇండియన్ హెరిటేజ్ సెంటర్ కూడా ఆయనకు నచ్చుతుంది.

శాకాహారులం. తిండి ఎలా?

లిటిల్ ఇండియాలో బస చేస్తే ఈ దిగులే లేదు. కోమల విలాస్ 1947 నుంచి అక్కడ దోసెలు, భోజనం పెడుతోంది. కోడిగుడ్డు కూడా ముట్టనివాళ్ళు మిగతా చోట్ల జాగ్రత్తగా అడగాలి. సంబల్ అనే మిరపకాయల పచ్చడిలో, చాలా కూరల్లో రొయ్యల ముద్ద కలుస్తుంది. కూరగాయల వేపుడులో చేపల సాస్ పోస్తారు. గుడ్డు, చేప, రొయ్య వద్దని ఒక్కొక్కటిగా చెప్పడమే సురక్షితం.

మాంసాహారులైతే హాకర్ సెంటర్లు తప్పక చూడండి. ఒకే కప్పు కింద పదుల కొద్దీ చిన్న కొట్లు, తక్కువ ధరకు వేడి తిండి. ఈ హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కో గుర్తించింది. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఆ సీటు ఎవరో పట్టుకున్నారని అర్థం, కూర్చోకండి. తిన్న ట్రేలు మనమే తీసి పెట్టాలి, 2021 నుంచి ఇది తప్పనిసరి. కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

మెట్రోనా, టాక్సీనా?

పగలు మెట్రో, రాత్రి టాక్సీ. విశాఖ పిల్లలకు మెట్రో ఎక్కడమే ఒక సరదా. నార్త్ ఈస్ట్ లైన్ రైళ్ళకు డ్రైవరు ఉండడు, ముందు పెట్టెలో అద్దం దగ్గర నిలబడితే సొరంగం ఎదురొస్తున్నట్టు కనిపిస్తుంది. అన్ని స్టేషన్లలోనూ లిఫ్టులు ఉన్నాయి. విదేశీ చెల్లింపులు ఆన్ చేసిన బ్యాంకు కార్డు గేటుకు తాకిస్తే చాలు, కానీ ఒక్కో మనిషికి ఒక్కో కార్డు కావాలి. రైల్లో తినడం, తాగడం నిషేధం, జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. పిల్లల చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటే స్టేషన్‌లోకి రాకముందే తీసి బ్యాగులో పెట్టండి.

టాక్సీలో నలుగురికే చోటు. 1.35 మీటర్ల ఎత్తు లోపు పిల్లలకు కార్లలో చైల్డ్ సీట్ ఉండాలని చట్టం. మామూలు టాక్సీలకు మినహాయింపు ఉంది, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకు లేదు. చిన్నపిల్లలుంటే టాక్సీనే పిలవండి, లేదా యాప్‌లో పిల్లల సీటున్న కారు ఎంచుకోండి.

ఆరుగురం. హోటల్ బదులు ఫ్లాట్ అద్దెకు తీసుకోవచ్చా?

సింగపూర్‌లో ఇళ్ళను మూడు నెలలకన్నా తక్కువ కాలానికి అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. ఆన్‌లైన్‌లో కనిపించినా తీసుకోకండి. పక్కపక్క గదులున్న హోటలో, లైసెన్సున్న సర్వీస్ అపార్ట్‌మెంటో చూడండి. లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ ప్రాంతాల్లో రేట్లు కాస్త తక్కువ, కానీ గదులు బాగా ఇరుకు. బుక్ చేసే ముందు గది ఎన్ని చదరపు మీటర్లో, కిటికీ ఉందో లేదో చూడండి. కిటికీ లేని గదులు అక్కడ మామూలే. ఆదివారాలు ఆ వీధులు సెలవు దొరికిన కార్మికులతో నిండిపోతాయి. మన భాషలన్నీ వినిపిస్తాయి కానీ నడవడం కష్టం.

సూట్‌కేసులో ఏం పెట్టకూడదు?

గసగసాలు. మన మసాలా పొడుల్లో, కూర కారాల్లో ఉంటాయి. అక్కడ మాదకద్రవ్యాల విభాగం వీటిని నిషేధించింది. ఇంటి మసాలాలో గసగసాలు వేసుంటే అది ఇక్కడే వదిలేయండి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి కూడా వద్దు. చూయింగ్ గమ్ 1992 నుంచి నిషేధం. ఈ-సిగరెట్లు, గుట్కా, ఖైనీ అసలు వద్దు. సిగరెట్లకు సుంకం లేని కోటా లేదు, ఒక్క ప్యాకెట్ అయినా ప్రకటించి పన్ను కట్టాలి.

మందుల విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. నిద్ర మాత్రలు, ఆల్ప్రజోలం వంటివి, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు తీసుకెళ్ళాలంటే అక్కడి ఆరోగ్య శాస్త్రాల సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. బీపీ, షుగర్ మందులు అసలు అట్టలతో, డాక్టరు చీటీతో చేతి సంచిలో ఉంచండి. పెద్దవాళ్ళకు ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఉన్న జబ్బులన్నీ దాచకుండా రాయండి. అక్కడ ఆస్పత్రి ఖర్చు చాలా ఎక్కువ. అంబులెన్స్ నంబరు 995, పోలీసులకు 999.

పచ్చళ్ళు, కందిపొడి, జంతికలు గట్టిగా సీలు చేసి చెక్-ఇన్ సామానులో వేయండి. ప్లగ్గులు మూడు చదునైన పిన్నులవి, ఇంటికి రెండు అడాప్టర్లు చాలు.

ప్యాకేజీ తీసుకోవడం మంచిదా, మనమే ప్లాన్ చేసుకోవాలా?

వీసా పని ఏజెంటుకు ఇచ్చి, మిగతాది మీరే చేసుకోండి. ప్యాకేజీ బస్సు పొద్దున్నే వస్తుంది, అమ్మకు కాళ్ళు నొప్పిగా ఉన్న రోజు కూడా ఆగదు. ఇంగ్లీషులో మాట్లాడటం ఇబ్బందిగా ఉండే పెద్దవాళ్ళే విడిగా వెళ్తుంటే మాత్రం ప్యాకేజీ మేలు. ప్యాకేజీ మీద ముందే వసూలు చేసే టీసీఎస్ అనే పన్నును ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, రసీదు దాచండి.

మలేషియా కూడా కలిపేస్తే?

ఐదు రాత్రులకు వద్దు.

చివరి రోజు, షాపింగ్, తిరుగు ప్రయాణం ఎలా?

ముస్తఫాకు చివరి ముందు రోజు సాయంత్రం వెళ్ళండి. చివరి రోజు పెట్టుకుంటే సామాను బరువు చూసుకునే టైము ఉండదు. ఒక దుకాణంలో 100 డాలర్లకు మించి కొంటే, కట్టిన తొమ్మిది శాతం జీఎస్‌టీలో చాలా భాగం ఎయిర్‌పోర్టులో వెనక్కి తీసుకోవచ్చు. బిల్లు వేసేటప్పుడే పాస్‌పోర్టు చూపించాలి. ఎయిర్‌పోర్టులో ఆ వస్తువులు చూపించమనవచ్చు కాబట్టి రిఫండ్ పని అయ్యాకే సూట్‌కేసు అప్పగించండి.

బంగారం కొనాలనే ఆలోచన ఉంటే ఇక్కడి కస్టమ్స్ నిబంధన తెలుసుకోండి. ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్ళకే నగల మీద సుంకం మినహాయింపు. వారం రోజుల ట్రిప్‌లో కొన్నదానికి సుంకం కట్టాలి. ఇంటి నుంచి బరువైన నగలు వేసుకెళ్ళేవాళ్ళు వెళ్ళేటప్పుడే విశాఖ కస్టమ్స్ కౌంటర్ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అసలు నగలు ఇంట్లో పెట్టి వెళ్ళడం ఇంకా హాయి.

తిరుగు విమానం సాయంత్రమో రాత్రో ఉంటే హోటల్ ఖాళీ చేసి నేరుగా చాంగీ ఎయిర్‌పోర్టులోని జ్యువెల్ అనే షాపింగ్ భవనానికి వచ్చేయండి. 2019లో తెరిచిన ఆ భవనంలో 40 మీటర్ల ఎత్తు నుంచి కప్పు మధ్యలోంచి నీళ్ళు పడతాయి, లోపల కట్టిన జలపాతాల్లో ప్రపంచంలో ఇదే ఎత్తైనది. చుట్టూ చెట్లు, కూర్చోవడానికి చోటు, తినడానికి కొట్లు, చల్లటి ఏసీ. ఒకటో టెర్మినల్‌కు ఆనుకునే ఉంది. సామాను అక్కడే దాచే సౌకర్యం ఉంది, కొన్ని విమానాలకు ముందస్తు చెక్-ఇన్ కూడా అక్కడే చేస్తారు. పెద్దవాళ్ళకు వీల్‌చైర్ కావాలంటే టికెట్ కొన్నప్పుడే విమాన సంస్థకు చెప్పి ఉండాలి. బోర్డింగ్ వేళకు మూడు గంటల ముందు జ్యువెల్ నుంచి కదలండి.